బ్యాటరీ మార్చే ముందు

గూడెం కొత్తవీధి వంటి కొండ ప్రాంతంలో కారు విలాస వస్తువు కాదు. చింతపల్లి మీదుగా నర్సీపట్నం దిగవలసిన రోగికి అనేకసార్లు అదే ఆధారం. గత శీతకాలంలో ఒక వేకువజామున, పొరుగింటి గర్భిణిని ఆసుపత్రికి తీసుకువెళ్లేందుకు మేము తాళం తిప్పగా సెల్ఫ్ 'టక్' మని ఆగిపోయింది. నలుగురు కలిసి వాలువైపు నెట్టాక ఇంజన్ అందుకుంది. తల్లీబిడ్డలు క్షేమం, అల్‌హమ్దులిల్లాహ్! కాని తప్పు మాదే. సెల్ఫ్ బరువుగా తిరుగుతోందని పది రోజుల ముందే గమనించి కూడా, రేపు చూద్దామని వాయిదా వేశాము.

చలిలో బ్యాటరీలోని రసాయన చర్య మందగిస్తుంది. ఇంజన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కు మరింత శక్తి కావలసివస్తుంది. అందుకే వేసవి వేడికి నీరసించిన బ్యాటరీ తరచుగా చలికాలపు ఉదయాన బయటపడుతుంది.

కొత్తది కొనేముందు పాతది నిజంగా పాడైందో లేదో తేల్చుకోవాలి. బండిని కొన్ని గంటలు ఆపి ఉంచి మీటరు పెడితే, నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 చూపుతుంది. 12 దగ్గరికి వచ్చిందంటే దాదాపు ఖాళీ అయినట్లే. ఛార్జి చేయించి మళ్లీ పరీక్షించాలి. ఇంజన్ నడుస్తుండగా సాధారణంగా 13.8 నుంచి 14.5 వరకు రావాలి. రాకపోతే లోపం ఆల్టర్నేటర్‌లోనో, దాని బెల్టులోనో ఉండవచ్చు. అది సరిచేయకుండా కొత్తది బిగిస్తే అదీ ఖాళీ అవుతుంది.

కొనేటప్పుడు కారు పుస్తకంలో సూచించిన పరిమాణం, యాంపియర్ అవర్ సామర్థ్యం, టెర్మినళ్లు ఉండే వైపు, మూడూ సరిచూడాలి. డీజిల్ ఇంజన్‌కు ఎక్కువ శక్తి కావాలి గనుక ధర తగ్గుతుందని చిన్నది వేయరాదు. సిగ్నల్ వద్ద తానే ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే కార్లకు వాటికోసం తయారైన రకమే వాడాలి. తయారీ తేదీని దుకాణదారుచేత చదివించుకోవాలి. నెలల తరబడి అరలో ఉన్న బ్యాటరీ వాడకుండానే నీరసిస్తుంది. సరుకులోని లోపాన్ని దాచి అమ్మడం మన ధర్మంలో నిషిద్ధమని ఎరుగుదుము. అడిగి తెలుసుకోవడం కొనేవారి వంతు. వారంటీలో ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారో, ఆ తరువాత ఎంత తగ్గింపు ఇస్తారో వేరువేరుగా అడగాలి. కార్డుపై తేదీ, ముద్ర వేయించుకోవాలి. సర్వీసు మనకు దిగువ పట్టణంలో దొరికే కంపెనీ అయితే మేలు.

ఇక పాత బ్యాటరీ సంగతి. 1859లో ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే రూపొందించిన నాటి నుంచి ఇందులో ప్రధాన పదార్థం సీసమే. అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఆమ్లాన్ని వాగులో పారబోయడం, పెరట్లో పగులగొట్టడం ఇరుగుపొరుగుకు అన్యాయం చేయడమే. 2022 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పాతవాటిని సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యత ఉత్పత్తిదారులది. కనుక దుకాణంలోనే అప్పగించి, దాని విలువను బిల్లులో తగ్గించుకోవాలి.

విప్పేటప్పుడు ముందు నెగటివ్ తీగ తీయాలి, బిగించేటప్పుడు దానినే చివర కలపాలి. చలి మొదలుకాకముందే ఒకసారి మీటరు పెట్టి చూడండి. ఏ రాత్రి ఎవరు మన తలుపు తడతారో మనకు తెలియదు.