సేద్యపు కుంటలో చేపలా? సున్నం చల్లే ముందు నీటిని పరీక్షించండి

పత్తికొండ ప్రాంతంలో సేద్యపు కుంటలో నాలుగు నెలలకు మించి నీళ్లు నిలిస్తే కట్ల, రోహు, మ్రిగాల చేపలు పెంచుకోవచ్చు. టమాటా ధర పడిపోయిన ఏడాది ఆ రాబడే ఇంటికి ఆసరా. కానీ నిన్నటి దాకా బాగున్న చేపలు తెల్లారేసరికి తేలిపోతే, మందుల దుకాణానికి పరుగెత్తకండి. చాలాసార్లు అది రోగం కాదు, నీటిలో వచ్చిన మార్పు.

సున్నం ఎప్పుడు ముప్పు?

చేపల విసర్జన, మిగిలిపోయిన మేత, పేడ, యూరియా వల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది. నీటి ఉష్ణోగ్రత 28 డిగ్రీలు ఉన్నప్పుడు, పీహెచ్ 7 అయితే అందులో విషంగా మారేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే సుమారు 7 వంతులు, 9 అయితే 40 వంతులు విషమవుతుంది.

మన నల్లరేగడిలో సహజంగానే సున్నం ఉంటుంది. చాలా బోర్ల నీళ్లు కూడా గట్టి నీళ్లే. కాచిన గిన్నెకు తెల్లగా పట్టే పొర దానికి గుర్తు. అలాంటి నీటిలో, ఎవరో చెప్పారని కాల్చిన సున్నం చల్లితే పీహెచ్ ఇంకా పెరిగి, ఉన్న అమ్మోనియాయే చేపలను చంపుతుంది. కోస్తా చెరువుల మోతాదు మన కుంటకు పనికిరాదు.

నాచు పగలు మేలు, రాత్రి కీడు

నాచు, నీటి మొక్కలు పగలు ప్రాణవాయువు ఇస్తాయి, పీహెచ్‌ను పెంచుతాయి. రాత్రి అవే ప్రాణవాయువును వాడుకుంటాయి. అందుకే అమ్మోనియా ముప్పు మధ్యాహ్నం, ఊపిరాడని ముప్పు తెల్లవారుజామున ఎక్కువ.

ఏం చేయాలి?

• వారానికోసారి ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 3 గంటలకు పీహెచ్ చూసి రాసుకోండి. 7.5 నుంచి 8.5 మధ్య ఉంటే మంచిది. అంతకు మించితే సున్నం, యూరియా రెండూ వద్దు.
• చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మేత, పేడ వెంటనే ఆపండి. మోటారు పెట్టి, కుంట నీటినే పైనుంచి జల్లులా పడేలా తిప్పండి. కొత్త నీరు పెట్టాల్సివస్తే కొద్దికొద్దిగా పెట్టండి. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి దాన్నీ ఎత్తునుంచి పడనివ్వండి.
• నాచు, తుంగ ఎక్కువైతే విడతలవారీగా చేత్తో తీసి గట్టున వేయండి. కలుపు మందు కొడితే అవన్నీ ఒకేసారి కుళ్లి ప్రాణవాయువును హరిస్తాయి.
• పిల్లలను వదిలేటప్పుడు సంచిని 20 నిమిషాలు కుంటలో తేలనిచ్చి, అందులోకి కుంట నీటిని కొంచెం కొంచెంగా కలపండి.
• టమాటాకు మందు కొట్టిన పంపులను కుంటలో కడగవద్దు.

అనుమానం వస్తే శుభ్రమైన సీసాలో నీరు పట్టుకుని అదే రోజు రైతు సేవా కేంద్రంలో చూపించండి. పీహెచ్ కాగితం ఖరీదు స్వల్పమే. చేపలు పోతే పోయేది ఏడాది కష్టం.