వైన్ సంగతి సరే... కల్లు రుచి చూడటం వచ్చా?

సినిమాలో హీరో వైన్ గ్లాసుని గుండ్రంగా తిప్పి, వాసన చూసి, కళ్లు సగం మూసి ఒక్క గుక్క వేస్తే హాల్లో ఈలలే ఈలలు! మరి మన కల్లుకి ఆ మర్యాద ఎందుకు లేదు? అందులో రుచి చూసి తెలుసుకోవలసిందేమీ లేదా?

ఇదేదో తేల్చుకుందామని నేను రుద్రంగి వెళ్లాను. అవును, 2023 జూలైలో జగపతిబాబు హీరోగా, అజయ్ సామ్రాట్ దర్శకత్వంలో ఇదే పేరుతో సినిమా వచ్చింది. ఊరు రాజన్న సిరిసిల్ల జిల్లాలో, కోరుట్ల నుంచి వేములవాడ వెళ్లే దారిలో ఉంది.

నా గురువు చిన్నప్పట్నుంచీ తాళ్లెక్కుతున్న గీత కార్మికుడు. లొట్టి దించి, మోకు విప్పి పక్కన పెట్టాడు. ‘‘తాతా, రుచి చూడటం నేర్పుతావా?’’ అన్నాను.

‘‘గటగట తాగితె ఏం ఎరుకైతది బిడ్డా? మొదలు వాసన సూడు. నోట్లె జరసేపు ఉంచు. గప్పుడు మింగు’’ అంటూ తాటాకు రేక చేతికిచ్చాడు.

వైన్ నేర్చుకునేవాళ్లకు ఫ్రాన్సులో చెప్పే మొదటి పాఠమూ ఇదే సుమా!

రెండో పాఠం చెట్టు. వైన్‌కి ద్రాక్ష రకం ఎలాగో కల్లుకి చెట్టు అలాగ. తాటికల్లు వేరు, ఈతకల్లు వేరు. తాళ్లలోనూ కాయలు కాయని పోతుతాడు ఒకటి, కాయలు కాసే పండుతాడు మరొకటి. తాగడం తెలిసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘‘ఏ చెట్టుది?’’ అనే!

మూడో పాఠం గడియారం. చెట్టు నుంచి కారేది తియ్యటి నీరే. లొట్టి లోపల సున్నం పూస్తే అది పులియదు. అదే నీరా. సున్నం లేకపోతే గాలిలో, లొట్టిలో ఉన్న ఈస్ట్ చెట్టు మీదే పని మొదలుపెట్టి చక్కెరని ఆల్కహాలుగా మారుస్తుంది. అలా కల్లులో చేరే ఆల్కహాలు 4, 5 శాతం దాకా ఉంటుంది. వైన్‌లోనైతే 12 శాతం పైమాటే.

ఒకే లొట్టిని మూడుసార్లు రుచి చూశాను. పొద్దున కొబ్బరినీళ్లకి అక్కలా తియ్యగా ఉంది. మధ్యాహ్నానికి తీపి తగ్గి, నురుగు పొంగి, నాలుక చివర చురుక్కుమంది. సాయంత్రానికి పులుపు, ముక్కుకి ఘాటు! మర్నాటికి అది వెనిగర్ దారి పడుతుంది. వైన్ యవ్వనం నుంచి వార్ధక్యం దాకా రుచి చూడాలంటే ఏళ్లు కావాలి. కల్లుకి ఒక్క రోజు చాలు!

ఇక ఈ కథలో విలన్ సంగతి. చెట్లు తక్కువై గిరాకీ ఎక్కువైన చోట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలుపుతారు. అలవాటుపడ్డవాళ్లకి ఒక్కసారి మానేస్తే వణుకు, పిచ్చిచూపులు, మూర్ఛలు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఈ విలన్ని పట్టుకోవడం నాలుక వల్ల కాదు, ప్రయోగశాల వల్లే అవుతుంది. అందుకే చెట్టు ఎక్కడుందో, గీసిందెవరో తెలియని సీసాని ముట్టుకోకండి.

21 ఏళ్లు నిండని పాఠకులూ, మొహాలు ముడుచుకోకండి! మీకు నీరా ఉందిగా? హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో దానికోసం ప్రత్యేకంగా కేఫే తెరిచారు. వాసన చూడటం, నోట్లో ఉంచటం, మెల్లగా మింగటం... ఈ మూడూ దాంతోనే ప్రాక్టీసు చెయ్యండి!