సముద్రము దాటి వచ్చిన తెలుగు పాట

ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లా నుండి విడివడి 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమున చేరినవి. నాటికి ఆ రాష్ట్రమున నున్న రేడియో కేంద్రము ఒక్కటే. అది 1948 డిసెంబరులో ఆరంభమైన విజయవాడ కేంద్రము. మధ్యతరంగము పగటివేళ నేల నంటియే ప్రయాణించును. దూరము పెరిగినకొలది క్షీణించును. రాష్ట్రమునకు పడమటి కొసనున్న కైరుప్పల వంటి పల్లెకు కృష్ణాతీరపు మాట స్పష్టముగా చేరుట కష్టము. కడపలో కేంద్రము 1963లో గాని వెలయలేదు.

కాని హ్రస్వతరంగము దారి వేరు. అది ఆకాశమున కెగసి, పైనున్న విద్యుత్పొరను తాకి, తిరిగి వందలకొలది మైళ్ల దూరమున దిగును. అందుచే కొలంబో యొక్కొక్కప్పుడు విజయవాడకంటె దగ్గరయగును. రెండవ ప్రపంచ సంగ్రామమున సైనికుల వినోదమునకై ఆంగ్లేయులు కొలంబోలో నెలకొల్పిన ప్రసారయంత్రము 1949లో సింహళ ప్రభుత్వము వశమైనది. మరుసటి సంవత్సరమే అచట వాణిజ్యప్రసారములు మొదలైనవి. వాటిని తీర్చిదిద్దిన క్లిఫర్డ్ డాడ్ ఆస్ట్రేలియా దేశీయుడు.

అదను వారికి భారతదేశమే కల్పించినది. 1952లో ప్రసారశాఖ మంత్రియైన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాభిమాని. చలనచిత్ర గీతములన్న ఆయనకు గిట్టదు. పాటతోపాటు చిత్రము పేరు చెప్పుట ప్రకటనయే యగునని ఆలిండియా రేడియో ఆ పేరు చెప్పుట మానినది. నిర్మాతలు కోపించి పాటల అనుమతిని ఉపసంహరించుకొనిరి. కేస్కర్ హయాములో మేలు జరుగలేదనుట న్యాయము కాదు. 1954లో రేడియో సంగీత సమ్మేళనములు ఆరంభమైనవి; లలితసంగీతమునకు ప్రత్యేక శాఖలు ఏర్పడినవి. తెలుగున బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారి కృషి ఆ సంగీతమునకు గౌరవము తెచ్చినది. ఐనను శ్రోత చేతిలో మర యున్నదని ప్రభువులు మరచిరి. ఆ మర కొంచెము త్రిప్పిన చాలును, సిలోను పలుకును!

బినాకా గీతమాల 1952లోనే వెలువడినది. అమీన్ సయానీ బొంబాయిలో మాటలాడగా, ఆ ధ్వనిముద్రణ కొలంబోకు పోయి, మరల భారతదేశమునకే వినవచ్చెడిది. వ్యయము టూత్‌పేస్టు వ్యాపారులది. సంగీతము పండ్లు తోముకొనుటకు ఋణపడెననిన పండితులు నవ్వుదురు గాని, జరిగినది అదియే. హిందీతో పాటు తెలుగునకును అచట చోటు దొరకినది. మీనాక్షీ పొన్నుదురై కంఠమున తెలుగు ప్రకటన విని, ఆమె ఏ ఊరి ఆడపడుచో యని తెలుగువారు తలచిరనిన ఆశ్చర్యము లేదు. సొంతదేశపు రేడియో పొదుపుగా వడ్డించిన పాటను పరదేశము తెలుగు మాటతో కలిపి పంచిపెట్టినది.

కేస్కర్ మంత్రిగా నుండగనే, 1957 అక్టోబరు 3న, వివిధభారతి పుట్టినది. పాటలు తిరిగి వచ్చినవి, ప్రకటనలు రాలేదు. ఆ సంకోచము తీరుటకు మరి పదియేండ్లు పట్టినది. 1967 నవంబరు 1న బొంబాయి, పూనా, నాగపూరులలో వాణిజ్యప్రసారములు మొదలైనవి. బినాకా గీతమాల సైతము 1989లో వివిధభారతిని చేరినది.

2006లో హైదరాబాదున ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములు వెలసినవి. పాట తెలుగుది, ప్రకటన తెలుగుది, ధ్వని నిర్మలము. కాని ఎఫ్.ఎం. తరంగము ఇంచుమించు కంటిచూపు పోవునంత మేరయే పోవును. సముద్రము దాటి కొలంబో మాట వినవచ్చిన పడమటి పల్లెలకు హైదరాబాదు ఎఫ్.ఎం. ఆ దారిన చేరదు.