ఢిల్లీ ప్రదర్శన నుంచి ఏసీ గార్డ్స్ వరకు: మన చరిత్రలో హబ్షీలు

దక్షిణ ఢిల్లీలోని బేర్ సరాయ్ పోటీ పరీక్షల పుస్తకాల దుకాణాలకు పేరు పొందింది. సివిల్స్‌కు సిద్ధమయ్యే తెలుగు విద్యార్థులకూ అది పరిచితమే. అక్కడ దొరికే మధ్యయుగ చరిత్ర పుస్తకాల్లో రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి, రజియా సుల్తానా (1236-40) కొలువులో అశ్వశాలల అధిపతి యాకూత్. రెండవది, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపిన మాలిక్ అంబర్. ఇద్దరూ హబ్షీలు, అంటే ఆఫ్రికా మూలాలవారు.

పుస్తకాల్లో కొద్ది వాక్యాలకే పరిమితమైన ఈ వారసత్వాన్ని 2014 అక్టోబరులో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళాకేంద్రం ప్రదర్శనగా ప్రజల ముందు ఉంచింది. న్యూయార్క్‌లోని షోంబర్గ్ పరిశోధన కేంద్రం 2013లో రూపొందించిన ఈ ప్రదర్శన, బానిసలుగా వచ్చినవారు సేనానులుగా, పాలకులుగా ఎదిగిన తీరును చిత్రాలతో వివరించింది.

ఆ ఎదుగుదల ఎలా సాధ్యమైంది? దక్కన్ సుల్తానులు ఆఫ్రికన్ బానిసలను కొని, యుద్ధవిద్యలో, పాలనలో శిక్షణ ఇచ్చేవారు. స్వేచ్ఛ లభించిన తరువాత వారిలో సమర్థులు ఉన్నత పదవులు అందుకునేవారు. ఇథియోపియాలో జన్మించిన మాలిక్ అంబర్ అలాగే ఎదిగి, 1626లో మరణించే వరకు మొఘలులను ఎదిరించాడు. జహంగీరు ఆయన తలపై బాణం సంధిస్తున్నట్లు ఆస్థాన చిత్రకారుడు అబుల్ హసన్ ఒక చిత్రం గీశాడు. యుద్ధరంగంలో దక్కని విజయం చిత్రంలోనే దక్కింది.

ఈ చరిత్రతో తెలుగు నేలకూ సంబంధం ఉంది. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానంలో ఆఫ్రికన్ అంగరక్షక దళం ఉండేది. తరువాత అది నిజాం సైన్యంలో చేరింది. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ ప్రాంతానికి ఆ ‘ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్’ వల్లే ఆ పేరు వచ్చింది. కావల్రీ అంటే అశ్వికదళం. 1948లో హైదరాబాద్ రాజ్యం విలీనమైన తరువాత దళం రద్దయింది. అయితే సైనికుల వారసులైన సిద్దీలు నగరంలోనే స్థిరపడ్డారు. పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా సంగీతంలో వారి వారసత్వం నేటికీ వినిపిస్తుంది.

ఢిల్లీ ప్రదర్శనకు కొద్దిరోజుల ముందే, 2014 సెప్టెంబరు 28న, అదే నగరంలోని రాజీవ్ చౌక్ మెట్రో స్టేషన్‌లో ముగ్గురు ఆఫ్రికన్ యువకులపై అల్లరిమూక దాడి చేసింది. శతాబ్దాల క్రితమే ఢిల్లీ కొలువులో స్థానం పొందిన ఆఫ్రికన్లను నేటి ఢిల్లీ పరాయివారిగా చూసింది. ఇటువంటి ప్రదర్శనల అవసరం ఇక్కడే తెలుస్తుంది. హబ్షీల కథ దూరదేశపు కథ కాదు. అది మన దేశ చరిత్రలోనే ఒక అధ్యాయం. హైదరాబాద్‌లో దానిని గుర్తుచేసుకోవడానికి ప్రదర్శనశాల దాకా వెళ్లనవసరం లేదు. ఏసీ గార్డ్స్ అనే పేరుకు అర్థం తెలిస్తే చాలు.