వీఎం ప్యానెల్: గ్రాఫ్ ఏం చెబుతుంది? బటన్ ఏం చేస్తుంది?

అద్దెకు తీసుకున్న వర్చువల్ మెషీన్ మీద పత్రిక వెబ్‌సైటో, స్కూలు అడ్మిషన్ల ఫారమో, షాపు బిల్లింగో నడుపుతున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ సర్వర్‌ని కళ్లతో చూసినవాళ్లు మాత్రం అరుదు. చేతిలో ఉండేదల్లా ఒక వెబ్ పేజీ: నాలుగు గ్రాఫులు, ఐదారు బటన్లు. వాటి గురించి పదేపదే వినిపించే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఉదాహరణగా ప్రాక్స్‌మాక్స్ ప్యానెల్‌ని తీసుకుంటాను. ఇది వియన్నా కంపెనీ ఒకటి తయారుచేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, మొదటి విడుదల 2008లో. మీకు ఇచ్చిన ప్యానెల్ వేరేదైనా, బటన్ల పేర్లు కాస్త అటూఇటూగా ఉన్నా, వెనక జరిగే పని దాదాపు ఇదే.

లోపలికి లాగిన్ కాకుండానే మెషీన్ లెక్కలు ప్యానెల్‌కి ఎలా తెలుస్తాయి?

అసలు సర్వర్‌కి మీ వర్చువల్ మెషీన్ అంటే తన మీద నడుస్తున్న ప్రోగ్రాముల్లో ఒకటి. లినక్స్ కెర్నల్‌లో 2007 నుంచి కేవీఎం అనే ఏర్పాటు ఉంది. దాని సాయంతో క్యూఈఎంయూ అనే ప్రాసెస్ మీ మెషీన్ మొత్తాన్ని నడిపిస్తుంది. ఆ ప్రాసెస్ ఎంత సీపీయూ వాడింది, డిస్క్ మీద ఎంత రాసింది, నెట్‌వర్క్‌లో ఎంత పంపింది అన్న లెక్క బయటి కెర్నల్ దగ్గరే ఉంటుంది. ప్యానెల్ ఆ లెక్కనే గ్రాఫ్‌గా గీస్తుంది. ఇంటి బయట ఉన్న కరెంటు మీటరు ఎన్ని యూనిట్లు కాలాయో చెబుతుంది గానీ కాల్చింది గీజరో ఏసీయో చెప్పదు కదా, ఇదీ అంతే.

అందుకే ‘రన్నింగ్’ అన్న పచ్చ గుర్తును చూసి సైటు బాగుందనుకోకూడదు. ఆ ప్రాసెస్ బతికి ఉందనే దానికి అర్థం. లోపల కెర్నల్ బిగుసుకుపోయినా పచ్చ గుర్తు అలాగే ఉంటుంది. సైటు నిజంగా తెరుచుకుంటోందో లేదో వేరే చోటి నుంచి నిమిషానికోసారి తట్టి చూసే మానిటర్ ఒకటి విడిగా పెట్టుకోవాలి.

సీపీయూ 25 శాతమే చూపిస్తోంది, సైటు మాత్రం నత్తనడక నడుస్తోంది. ఎందుకు?

ముందు కోర్లు ఎన్నో చూడండి. నాలుగు కోర్ల మెషీన్‌లో ఒక కోర్ పూర్తిగా నిండిపోయి, మిగతా మూడూ ఖాళీగా ఉంటే ప్యానెల్ చూపే అంకె సరిగ్గా 25 శాతమే. మైఎస్‌క్యూఎల్‌లో ఒక బరువైన క్వెరీ మామూలుగా ఒకే కోర్ మీద నడుస్తుంది. అది ఇరుక్కుంటే పక్క కోర్లు సాయం చేయలేవు. లోపలికి వెళ్లి టాప్ కమాండ్ నడిపి, అంకె 1 నొక్కితే కోర్లు విడివిడిగా కనిపిస్తాయి. అక్కడే ‘ఎస్‌టీ’ అన్న అంకె కూడా చూడండి. మీ మెషీన్ పనికి సిద్ధంగా ఉన్నా అసలు సర్వర్ దానికి సీపీయూ ఇవ్వలేకపోయిన సమయం అది. ఎప్పుడూ సున్నా దగ్గర ఉండేది గంటలకొద్దీ పది, ఇరవై దాటుతోందంటే తప్పు మీ కోడ్‌ది కాదు. ఒకే సర్వర్ మీదకు మోయలేనంత మందిని ఎక్కించారన్నమాట. ఆ స్క్రీన్‌షాట్ తీసి హోస్టింగ్ వాళ్లకు పంపండి. అలా అడిగే హక్కు మీకుంది.

ఇంకొకటి, గ్రాఫ్‌లో ఉండేది సగటు. గంట గ్రాఫ్‌లో కొండలా లేచిన రెండు నిమిషాల రద్దీ, నెల గ్రాఫ్‌లోకి వచ్చేసరికి చదునైపోతుంది. ప్రాక్స్‌మాక్స్‌లో గ్రాఫుల పైన చిన్న జాబితా ఒకటి ఉంటుంది. అందులో ‘యావరేజ్’ బదులు ‘మాగ్జిమమ్’ ఎంచుకుంటే దాగిన శిఖరాలు బయటపడతాయి. ఆ సమయానికి లోపల ఏం జరిగిందో లాగుల్లో వెతికేటప్పుడు గడియారం సంగతి మరవకండి. చాలా సర్వర్లు యూటీసీలో నడుస్తాయి. మన ఉదయం పది గంటల రద్దీ అక్కడ 04:30 దగ్గర ఉంటుంది. పది దగ్గర వెతికి, ఏమీ లేదనుకుని వదిలేసేవాళ్లు ఎందరో.

ర్యామ్ ఎప్పుడూ 90 శాతం మీదే ఉంటోంది. పెద్ద ప్లాన్ కొనాలా?

తొందరపడకండి. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని లినక్స్ ఊరికే ఉంచదు, ఇటీవల చదివిన ఫైళ్లను అందులో దాచుకుంటుంది. ఏదైనా ప్రోగ్రామ్ అడిగితే ఆ చోటు వెంటనే ఇచ్చేస్తుంది. చాలా ప్యానెళ్లు బయటి నుంచి చూస్తాయి కాబట్టి దాన్ని కూడా వాడకం కిందే లెక్కేస్తాయి. లోపల ఫ్రీ కమాండ్ ఇచ్చి ‘అవైలబుల్’ అన్న గడి చూడండి. నమ్మాల్సింది దాన్నే.

నిజంగా ర్యామ్ చాలకపోతే గుర్తు వేరేగా ఉంటుంది. మెమరీ గీత పైదాకా పాకి, ఒక్కసారిగా నిట్టనిలువుగా పడిపోతుంది. చోటు దొరక్క కెర్నల్ ఒక ప్రాసెస్‌ని చంపేసిందన్నమాట. ఎక్కువ మెమరీ పట్టుకుని కూర్చున్నది డేటాబేస్ కాబట్టి దెబ్బ చాలాసార్లు దానికే తగులుతుంది. వర్డ్‌ప్రెస్ సైటయితే చదివేవాళ్లకు డేటాబేస్ కనెక్షన్ దొరకలేదన్న తెల్ల పేజీ కనిపిస్తుంది. కెర్నల్ లాగులో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అన్న వరుస, పక్కనే చనిపోయిన ప్రాసెస్ పేరు ఉంటాయి. ఆ వరుస దొరికాక ప్లాన్ పెంచడం గురించి ఆలోచించండి.

షట్‌డౌన్, స్టాప్ రెండూ ఆపేవే కదా?

షట్‌డౌన్ నొక్కితే మెషీన్‌కి పవర్ బటన్ నొక్కినట్టు ఒక కబురు వెళ్తుంది. లోపలి సిస్టమ్ డేటాబేస్‌ని మూసి, రాయాల్సినవి డిస్క్ మీద రాసి, తనంతట తాను ఆగుతుంది. స్టాప్ నొక్కితే ఆ అవకాశమే ఉండదు, నడుస్తున్న కంప్యూటర్‌కి ప్లగ్గు పీకేసినట్టే. రీసెట్ కూడా ఆ జాతే. మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ టేబుళ్లు ఇలాంటి దెబ్బల్ని మామూలుగా తట్టుకుంటాయి. పాత మైఐఎస్‌ఏఎం టేబుళ్లు చెడిపోతుంటాయి. షట్‌డౌన్‌కి స్పందించకపోతే ముందు ప్యానెల్‌లోని కన్సోల్ తెరిచి చూడండి. ఏదో సర్వీస్ ఆగడానికి సమయం తీసుకుంటూ ఉండొచ్చు. ఏ కదలికా లేదని తేలాకే స్టాప్ జోలికి వెళ్లండి.

ర్యామ్ పెంచి, లోపల రీబూట్ కమాండ్ ఇచ్చినా పెరగలేదని చాలామంది కంగారు పడతారు. లోపలి రీబూట్‌తో బయటి క్యూఈఎంయూ ప్రాసెస్ మారదు, పాత కొలతలతోనే సాగుతుంది. ప్యానెల్‌లోని రీబూట్ బటన్ వాడితే మెషీన్ పూర్తిగా ఆగి, కొత్త కొలతలతో లేస్తుంది.

ఫైర్‌వాల్ రూల్ తప్పు రాశాను. ఎస్‌ఎస్‌హెచ్ పోయింది. ఇప్పుడెలా?

ప్యానెల్‌లోని కన్సోల్ మీ మెషీన్ నెట్‌వర్క్ మీద ఆధారపడదు. క్యూఈఎంయూ గీసే తెరనే బ్రౌజర్‌లో చూపిస్తుంది. కాబట్టి అక్కడి నుంచి లాగిన్ అయి రూల్ తీసేయొచ్చు. చిక్కల్లా ఒకచోట వస్తుంది. కీ ఫైలుతోనే లాగిన్ అయ్యే అలవాటున్నవాళ్లు యూజర్‌కి పాస్‌వర్డ్ పెట్టుకోరు, కన్సోల్ అడిగేదేమో పాస్‌వర్డే. అంతా బాగున్న రోజునే ఒకటి పెట్టి రాసి దాచుకోండి.

స్నాప్‌షాట్ తీశాను. బ్యాకప్ ఉన్నట్టే కదా?

లేనట్టే. అప్‌డేట్ చేసేముందు స్నాప్‌షాట్ తీసుకోవడం మంచి అలవాటు, తేడా వస్తే నిమిషాల్లో వెనక్కి వెళ్లొచ్చు. కానీ అది మామూలుగా మీ డిస్క్ ఉన్న స్టోరేజ్ మీదే ఉంటుంది. అది పోతే రెండూ పోతాయి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి తగలబడిపోయింది. బ్యాకప్‌లు కూడా అదే చోట ఉన్నవాళ్లు కొందరు తమ డేటాను శాశ్వతంగా పోగొట్టుకున్నారు. మీ బ్యాకప్ ఏ ఊళ్లో, ఏ భవనంలో ఉందో హోస్టింగ్ వాళ్లను అడగడానికి మొహమాటపడకండి. మీ దగ్గర కూడా ఒక కాపీ ఉంచుకోండి.

తీసిన బ్యాకప్ లేస్తుందో లేదో అప్పుడప్పుడూ చూసుకోవాలి. పాత మెషీన్ మీద కాకుండా, కొత్త మెషీన్ నంబరు ఇచ్చి రీస్టోర్ చేయండి. ‘యూనిక్’ అన్న గడిలో టిక్కు పెడితే నెట్‌వర్క్ కార్డుకి కొత్త అడ్రసు వస్తుంది. అయినా లోపలి ఐపీ పాతదే ఉంటుంది, టైముకి మెయిళ్లు పంపే పనులూ అలాగే ఉంటాయి. కాబట్టి స్టార్ట్ నొక్కేముందే నెట్‌వర్క్ కార్డు సెట్టింగుల్లో ‘డిస్‌కనెక్ట్’ టిక్కు పెట్టండి. తర్వాత కన్సోల్‌లోంచి లాగిన్ అయి, డేటాబేస్‌లో చివరి రికార్డు తేదీ ఏదో చూసి, ఆ మెషీన్‌ని తీసేయండి. తీసేసేముందు నంబరు ఇంకోసారి సరిచూసుకోండి.