రాన్సమ్‌వేర్

రాన్సమ్‌వేర్ అనగా కంప్యూటరులోని ఫైళ్ళను యజమాని కూడా తెరవలేకుండా చేసి, వాటిని విడిపించుటకు సొమ్ము కోరే హానికర సాఫ్టువేరు. ఇది మాల్వేర్‌లో ఒక రకము.

పనిచేయు విధానం

ఇది కంప్యూటరులో ప్రవేశించిన పిమ్మట పత్రాలను, ఛాయాచిత్రాలను, డేటాబేసులను ఒక రహస్య సంఖ్య సహాయంతో గూఢలిపిలోనికి మారుస్తుంది. ఆ రహస్య సంఖ్యకు మరొక తాళం వేస్తుంది. దాని తాళంచెవి దాడి చేసినవారి వద్ద మాత్రమే ఉంటుంది. అందువలన తరువాత యాంటీవైరస్‌తో ఆ ప్రోగ్రామును తొలగించినా ఫైళ్ళు యథాస్థితికి రావు. దొంగ దొరికినంత మాత్రాన వాడు వేసిన తాళం ఊడిరాదు కదా!

తెలుగు రాష్ట్రాలలో

2017 మే 12న ప్రపంచమంతటా వ్యాపించిన వాన్నాక్రై, ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలోని కొన్ని పోలీసు కంప్యూటర్లను పట్టుకొంది. ఎవరూ ఏ ఫైలునూ తెరవకపోయినా, విండోస్‌లో ఫైళ్ళను పంచుకొనే వ్యవస్థలోని లోపం ద్వారా ఇది ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి పాకింది. ఆ లోపాన్ని సరిచేసే నవీకరణను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అనగా రెండు నెలల ముందే, విడుదల చేసింది.

2019లో వరంగల్ జంటనగరమైన హనుమకొండ కేంద్రంగా గల ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థతో సహా రెండు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ దాడికి గురయ్యాయి. ఇంటర్నెట్ ద్వారా బిల్లు చెల్లించే వినియోగదారులకు ఇబ్బంది కలిగింది.

వ్యర్థ ఫైళ్ళు

తాత్కాలిక ఫైళ్ళను తొలగిస్తే డిస్కులో చోటు మిగులుతుంది. దానివలన కంప్యూటరుకు రక్షణ కలుగుతుందనుకొనుట పొరపాటు. వాడని ప్రోగ్రాములను తీసివేయుట మాత్రం మేలు, వాటి లోపాలు కూడా మాల్వేర్‌కు దారులే. వ్యర్థాలను ఊడ్చే సాధనాలను సైతం గుడ్డిగా నమ్మరాదు. 2017 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో సీక్లీనర్ 5.33 కూర్పులో దుండగులు చొప్పించిన హానికర కోడు, తయారీదారు అందించిన ప్రతి ద్వారానే లక్షలాది కంప్యూటర్లకు చేరింది.

రక్షణ

ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎప్పటికప్పుడు నవీకరించాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఫైళ్ళకు నకలు ఉంచుకొనుట. నకలు తీసిన డిస్కును కంప్యూటరుకు తగిలించి ఉంచరాదు, రాన్సమ్‌వేర్ దానిని కూడా వదలదు. ఆ నకలు నుండి ఫైళ్ళు తిరిగి వస్తున్నవో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి.

సొమ్ము చెల్లించినా తాళంచెవి వస్తుందన్న హామీ లేదు. 2016లో ప్రారంభమైన నో మోర్ రాన్సమ్ అనే అంతర్జాతీయ ప్రయత్నం కొన్ని రకాలకు ఉచిత విడుదల సాధనాలను అందిస్తున్నది. తగిన సాధనం తరువాతనైనా రావచ్చును గనుక మూతపడిన ఫైళ్ళను చెరిపివేయరాదు.