బండియే యిల్లైనప్పుడు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా సాగుచున్నది. నాగార్జునసాగరు ఎడమకాలువ నీట పండిన ధాన్యము మిర్యాలగూడ మిల్లులలో బియ్యమై లారీల కెక్కుచున్నది. దూరప్రయాణములు చేయు లారీవారిలో పెక్కుమందికి బండియే యిల్లు: వంట దాని చెంతనే, నిద్ర దానిలోనే. పడక, పొయ్యి, నీటితొట్టి అమర్చిన బండిని పాశ్చాత్యులు మోటారుహోము అందురు. పోషణ విషయమున రెండింటికిని భేదము స్వల్పము. అట్టి పాతబండిని కాపాడుకొను విధమును మేమిచ్చట వివరించెదము.

పాతబండి వయస్సుచేత చెడుటకంటె ఉపేక్షచేత చెడుటయే హెచ్చు. మొదట నీటిని గూర్చి చెప్పెదము. మన ప్రాంతమున పలు బోరుబావుల నీరు కఠినజలము. నీరు కాచిన పాత్ర అడుగున తెల్లని పొర కట్టునట్లే రేడియేటరు గొట్టములలోను కట్టును. అంతట వేడిమి బయటికి పోక యింజను కాగిపోవును. కావున కూలెంటును స్వేదనజలముతో తగిన పాళ్లలో కలిపి పోయవలెను. వేడిగా నున్నప్పుడు మూత తీయరాదు. ఒత్తిడిలో నున్న నీరు ఆవిరియై చిమ్మి ముఖమును కాల్చును.

టైర్ల గాలిని ఉదయము, ప్రయాణమునకు ముందే చూడవలెను. ఎండలో పరుగెత్తిన టైరునందు ఒత్తిడి పెరుగును. అది చూచి గాలి తీసివేసినచో చల్లారిన పిదప చాలదు. గాలి చాలని టైరు మితిమీరి వేడెక్కి పగులును. టైరు ప్రక్కన నాలుగంకెలు అచ్చొత్తబడి యుండును. 2319 అనగా 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. గీతలు అరుగకున్నను, ఏండ్లు గడచిన రబ్బరు బీటలు వారును.

మిల్లుల వద్ద నిలుచు బండ్లకు ఊక, తవుడు దుమ్ము గాలిజల్లెడలో చేరి యింజనుకు ఊపిరి సలుపనీయదు. దానిని తరచుగా శుభ్రము చేయవలెను. బ్రేకునూనె గాలిలోని తేమను పీల్చును. ఆ తేమ బ్రేకుల వేడికి మరిగినచో పెడలు నొక్కినను బండి నిలువదు. కావున రెండేండ్ల కొకసారి నూనె మార్చుట మేలు. గాలిబ్రేకుల బండిలో గాలితొట్టి యడుగున చేరిన నీటిని విడువవలెను. జూను వానలకు ముందే పైకప్పు అతుకులను పరీక్షింపవలెను.

అన్నిటికంటె ముఖ్యము నిప్పును, పొగయు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలమట్టమున నిలిచి నిప్పురవ్వకై కాచుకొని యుండును. గొట్టము అతుకులకు సబ్బునురుగు పూసి చూడుడు. బుడగలు లేచినచో గ్యాసు కారుచున్నదని యెఱుగుడు. అగ్గిపుల్లతో ఎన్నడును పరీక్షింపరాదు. తలుపులు మూసి, పొయ్యినిగాని బొగ్గుల కుంపటినిగాని మండనిచ్చి నిద్రింపరాదు. ఇంజను నడచుచుండగా నిద్రించుటయు అట్టిదే. పాతబండి పొగగొట్టమున చిల్లు పడినచో కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించినవాడు మేల్కొనకయే పోవును.

చేసిన ప్రతి పనిని తేదీతోను, తిరిగిన కిలోమీటర్లతోను ఒక పుస్తకమున వ్రాసికొనుట మంచిది. మా పాఠకులలో లారీ కుటుంబముల బాలబాలికలు ఉన్నచో ఈ పుస్తకమును వారే వ్రాయవచ్చును. టైరుపై నాలుగంకెలు చదివి చెప్పుట, పెద్దల యెదుట గొట్టమునకు సబ్బునురుగు పూయుట వారికిని సాధ్యములే. రాత్రి రహదారి ప్రక్కన బండిలో నిద్రించు తండ్రి మరునాడు క్షేమముగా ఇల్లు చేరుటకు ఈ చిన్నపనులు తోడ్పడును.